మోటుపల్లి రేవున ఒక దినము

ఆత్మకూరు ప్రాంతమువారికి సముద్రముతోడి చుట్టరికము ఉప్పు మూలముననే యేర్పడినది. నల్లమల కీవల పుట్టి, జొన్నచేలను, భవనాశి వాగును, కృష్ణ రేవులందలి పుట్లను చూచుచు పెరిగినవారిలో, అల యెట్లుండునో యెఱుగకయే వృద్ధులైనవారు పూర్వము పెక్కండ్రు. అయినను వారి యింట ఉప్పుకుండ లేని దినము లేదు. ఆ యుప్పు తూర్పు తీరపు మళ్ళలో పండి, ఎద్దుల వీపున పెరికల కెక్కి, కనుమలు దాటి వచ్చెడిది. లంబాడీలును, ఎఱుకలవారును ఆ బరువును మోసి తెచ్చి, తిరుగుత్రోవలో ఈ సీమ ధాన్యమును కొనిపోవుచుండిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకొని బెజవాడకు రైలు నడువసాగిన పిదప ఆ యెద్దుల బారులు సన్నగిల్లి క్రమముగా మాసిపోయినవి. రైలుపెట్టెలో ఉప్పు వచ్చినదే గాని, ఉప్పు వెంట వచ్చుచుండిన సముద్రపు కబుర్లు రాలేదు.

ఆ కబుర్లలో మిక్కిలి పాతది, మిక్కిలి విలువైనది మోటుపల్లి కథ. నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు దక్షిణమున, ఉప్పుమళ్ళకు పేరొందిన చినగంజాము చెంత, సముద్రపు టొడ్డున నీ గ్రామము కలదు. ఆత్మకూరును మోటుపల్లియు దాదాపు ఒకే అక్షాంశముపై నున్నవి. మోటుపల్లి వద్ద నీటిలోనుండి సూర్యుడు లేచిన తరువాత సుమారు ఏడు నిమిషములకు గాని ఆత్మకూరున ప్రొద్దు పొడువదు. ఈ రెండు గ్రామముల నడుమ నల్లమల కనుమలును, దోర్నాల, మార్కాపురము, అద్దంకి సీమలును గలవు. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకము కూడ ఈ ప్రాంతమందే యున్నది. కాకతీయుల కాలపు శాసనములు ఆ క్షేత్రమున విరివిగా నున్నవి. సముద్రమున దిగిన సరకునకును, కొండనెక్కు యాత్రికునకును ఆ దినములలో త్రోవలు కలియుచుండెనని వానిని చూచినవారికి తోపక మానదు.

కాకతి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. పాలనారంభమున నాతడు వెలనాటిని జయించుటతో, ఓరుగల్లు రాజ్యమునకు మొదటిసారిగా సముద్రము దక్కినది. అంతవరకు కాకతీయులును మన వలెనే మెట్టనేలవారు. చెరువులు త్రవ్వుట యెఱిగిన వంశమునకు ఓడల నేలుట క్రొత్త విద్య. ఆ విద్యను వారెంత శీఘ్రముగా నేర్చిరో మోటుపల్లి శాసనమే సాక్ష్యము. ఆ శాసనమును గూర్చి చెప్పుటకు ముందు, ఆ కాలమున ఒక ఓడ ఆ రేవు ముంగిట ఒక దినమెట్లు గడపియుండునో చూచుట మంచిది. శాసనములను, యాత్రికుల వ్రాతలను, ఆ తీరపు గాలుల నడకను కలిపి చూచినచో ఈ చిత్రము తేలికగనే యేర్పడును.

మోటుపల్లికి రేవని పేరే గాని, పెద్ద యోడ లోనికి వచ్చి నిలుచుటకు లోతైన యఖాతము లేదు. తూర్పు తీరమున ననేక స్థలములం దిదియే స్థితి. ఇసుక నేల మెల్లమెల్లగా నీటిలోనికి వాలియుండును. ఒడ్డునకు దూరముననే అలలు విఱిగిపడును. కావున నోడ వెలుపలనే లంగరు వేయవలెను. తెల్లవాఱక మునుపు భూమినుండి సముద్రమువైపునకు చల్లని గాలి వీచును. ఆ గాలినే నమ్ముకొని పల్లెవారు తెప్పలపై వేటకు బయలుదేరుదురు. మధ్యాహ్నమునకు గాలి తిరిగి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఒడ్డునకు మరలుటకును, సరకు దింపుటకును అది అనువైన సమయము. గడియారము లేని నాడు ఈ రెండు గాలులే ఆ యూరి గంటలు.

ఓడకును ఒడ్డునకును నడుమ తిరుగునవి కుట్టు పడవలు. బందరు పేరిట మసూలా పడవలని పిమ్మట ప్రసిద్ధి కెక్కినవి యివియే. వీనిలో ఇనుపమేకు లుండవు. పలకలను కొబ్బరినారతో కుట్టి బిగింతురు. మేకులు కొట్టిన పడవ అలపై పడి నేలను తాకినచో పగులును. కుట్టినది వంగి, ఆ దెబ్బను మ్రింగి, మరల లేచును. ఎనిమిదిమందో పదిమందో తెడ్లు వేయగా, చుక్కాని పట్టినవాడు అలలను లెక్కించుచు, రెండు పెద్ద అలల నడుమ సందు చూచి, పడవ నొక్క ఊపున ఒడ్డునకు తోయించును. ఈ యలలయందు ప్రాణాపాయ మెక్కువ. వేయి క్రోసులు సముద్రము దాటివచ్చిన వర్తకునకు కన్నుల యెదుట నేల కనబడుచుండగా సర్వస్వమును పోవుట ఇచ్చటనే. అదియును గాక, ఆశ్వయుజ కార్తికములలో ఈ తీరమున లేచు గాలివానలు ఓడలను త్రాళ్ళు త్రెంచి గట్టుపైకి విసరును.

అట్లు గట్టున పడిన యోడలోని సరకు ఎవరిది? ఆ కాలమున పెక్కు చోట్ల ఈ ప్రశ్నకు ఒకే ప్రత్యుత్తర ముండెను: అది తీరమేలు రాజుదని. దైవము త్రోసి తెచ్చినది గనుక దైవదత్తమే యని వాదించువారును గలరు. మలబారు తీరమున ఏలి యను రాజ్యమువారు, తమ రేవునకు రావలెనని బయలుదేరక గాలివలన వచ్చిపడిన యోడలను దోచుకొని, దేవుడు మిమ్ములను మాకొఱకు పంపెనని చెప్పెడివారని మార్కో పోలో వ్రాసినాడు. పదునాలుగవ శతాబ్దిలో వచ్చిన ఇబ్న్ బతూతా, మలబారులో పగిలిన యోడల సరకు రాజభాండాగారమునకు పోవుననియు, ఒక్క కళ్ళికోట మాత్రమే అందుకు వేరనియు చెప్పినాడు. ఇంగ్లండు దేశమున ఒకటవ ఎడ్వర్డు రాజు 1275లో చేసిన చట్టము కొంత వింతగ నుండును. పగిలిన యోడనుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో దానిని పగిలిన యోడగా నెంచరాదు. ఏడాదిమీద ఒకదినము లోపల సొంతదారుడు వచ్చి అడిగినచో సరకు మరల నీయవలెను. పిల్లి బ్రతికినదా లేదా యను విచారణపై వర్తకుని బ్రతుకు వ్రేలాడుచుండె నన్నమాట.

ఆ చట్టమునకు ముప్పది యేండ్లకు ముందే, శాలివాహన శకము 1166, క్రోధి సంవత్సరమున, అనగా 1244-45లో, గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. వీరభద్రాలయ మండపములోని స్తంభముపై అది చెక్కబడి యున్నది. దాని తాత్పర్య మిది. ద్వీపములనుండియు, దేశాంతరములనుండియు, నగరములనుండియు వచ్చుచు పోవుచు నుండు ఓడవర్తకుల కిది యభయము. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డున పడిన యోడలలోని బంగారు, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు వాని నెల్ల బలిమిచే గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలచి సముద్రమునకు సాహసించిన వారిపై దయతోడను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, ఇకపై నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన దంతయు వారికే విడుచుచున్నాము. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు. తరువాత సరకుల పట్టిక యున్నది: చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, సుగంధద్రవ్యములు, మిరియములు, పోకలు, వేనికెంత యని వేఱువేఱుగ నిరూపింపబడినది.

ఈ శాసనమునకు చరిత్రకారులు దయాధర్మముల పక్షమున పేరు తెచ్చిరి, అది యుక్తమే. కాని లెక్కల పక్షమున కూడ దీని నొకసారి చూడవలెను. ఉదాహరణకు ముప్పదివేల మాడల సరకుతో వచ్చిన యోడ యొకటి పగిలినదనుకొందము. రాజు దాని నంతయు లాగికొన్నచో ఒకేసారి ముప్పదివేలు ముట్టును. లాగికొనక సుంకము మాత్రమే గొన్నచో దిగుమతిపై వేయి, అంతే విలువగల యెగుమతిపై వేయి, వెరసి రెండువేలు. అట్టి యోడ పదునైదుమారులు వచ్చిపోయినచో లెక్క సరిపోవును, పదునాఱవమారునుండి మిగులు. దోపిడి జరిగిన రేవునకు రెండవ యోడ రాదు. ఈ కూడిక తీసివేత తెలియని మంత్రి యే రాజు కొలువునను ఉండడు. అయినను నూఱ్లకొలది యేండ్లు రాజులు దోచుచునే యుండిరి. ఏలయన, గట్టున పడిన యోడ నేడు చేతికందును. పదునాఱవ యోడ ఎప్పుడో వచ్చును. నేటి దానిని కాదని రేపటిదానిని కోరుకొనుటకు ధనాశకంటె పెద్దదైన బుద్ధి యేదో కావలెను. గణపతిదేవుడు దానిని దయ యనియు, కీర్తి యనియు, ధర్మమనియు మూడు పేర్లతో పిలిచినాడు. సుంకపు రేటును మాత్రము దాచలేదు. దయను సుంకమును ఒకే రాతిపై చెక్కించిన యీ నిష్కాపట్యమే ఆ శాసనమునకు వన్నె.

ఇక నా దినము మరల చూతము. లంగరు వేసిన యోడనుండి మొదటి పడవలో వర్తకుని మనుష్యులు దిగుదురు. సుంకపువారు మూటలను ఎంచి, తూచి, వెల కట్టుదురు. అంతయు అడిగి వ్రాసుకొనునంతలో ఎండ ముదురును. మధ్యాహ్నపు గాలి తిరిగినంతనే పడవ వెంట పడవ ఒడ్డున పడి, సీసపు దిమ్మలు, కర్పూరపు పెట్టెలు తడి యిసుకపై దిగును. గుఱ్ఱములను దింపుట అన్నిటికంటె కష్టము. అరబ్బు దేశపు గుఱ్ఱము అలల హోరునకు బెదరును. తిరిగి పోవు పడవలలో ఈ దేశపు సన్నని బట్టలు, వజ్రములు పోవును. సాయంకాలమున గుడిలో దీపము పెట్టువేళకు ఎవరి భాష వారిదిగా, ఎవరి దేవుడు వారికిగా, ఆ యిసుకపైని జనము విశ్రమించియుందురు. శాసనములలో ఈ యూరికి దేశ్యుయ్యకొండపట్టణ మను నామాంతరము కనబడును. దేశి యనగా దేశములు తిరుగు వర్తకుల సమూహము. పేరు అరవనాటి పాలన గుర్తు.

వెనీసు నగరవాసియగు మార్కో పోలో చీనా చక్రవర్తి కొలువునుండి ఓడమీద తన దేశమునకు మరలుచు, 1290 తరువాతి యేండ్లలో ఈ సముద్రమున పయనించినాడు. ఆయన మోటుపల్లి పేరును ముత్ఫిలి యని వ్రాసి, రేవు పేరునే రాజ్యమునకును పెట్టినాడు. ఓడవానికి దేశమనగా తాను లంగరు వేసిన చోటే గదా. ఆ రాజ్యమును ఒక రాణి యేలుచున్నదనియు, భర్త పోయిన పిదప నలువది యేండ్లుగా ఆయనవలెనో, అంతకంటె మిన్నగానో న్యాయముతో నేలుచున్నదనియు వ్రాసినాడు. ఆమె రుద్రమదేవి యని పండితుల నిశ్చయము. కాని ఇందు సవరింపవలసినవి కలవు. రుద్రమదేవికి రాజ్యము భర్తవలన రాలేదు. తండ్రియగు గణపతిదేవునివలన వచ్చినది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశీయుడగు వీరభద్రుడు. ఆమె ప్రత్యేక పాలన నలువది యేండ్లు లేదు. 1262 మొదలు 1289 వరకే. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము 1289 నవంబరు నాటికి ఆమె శివసాయుజ్య మందినట్లు తెలుపుచున్నది. ఆమెపై తిరుగబడిన కాయస్థ అంబదేవుడు ఆ మఱుసటి యేడు, అనగా 1290లో, త్రిపురాంతకమున తన విజయముల నెల్ల శాసనముగా వ్రాయించుకొనెను. ఈ అంబదేవుడు కడప చెంతనున్న వల్లూరు రాజధానిగా ఏలినవాడు. మన సీమ చరిత్రలోనివాడే. పోలో ఈ తీరమున నడచునాటికి రాణి లేదు. ఆమె పేరు మాత్రము ఓడవాండ్ర నోళ్ళలో ఇంకను బ్రతికియున్నది. రాజు పోయినను రేవున న్యాయము చెడలేదని వారు తలచియుండిరి కాబోలు. లేనిచో ఆమె పోయెనను మాటయే ముందుగ చెప్పియుందురు.

బట్టలను గూర్చి పోలో చెప్పినది తెలుగువారికి గర్వకారణము: సాలెపురుగు గూడువంటి సన్నదనము గల బట్టలు, ఏ రాజు గాని రాణి గాని ధరించుటకు సంతసించునవి. వజ్రములను గూర్చి చెప్పినదానిలో ఒకటి కథ, ఒకటి నిజము. లోతైన లోయలలో మాంసఖండములను విసరుట, వానికి వజ్రములంటుట, తెల్లని గ్రద్దలు వానిని పైకెత్తుకొనిపోవుట - ఇది కథ. నాలుగవ శతాబ్దినాటి సైప్రసు ద్వీపపు మతగురువు ఒకడు అప్పటికే ఇట్టి కథను వేఱు రత్నములకు చెప్పియుండెను. సింద్‌బాద్ నావికుని కథలలోను ఇదియే యున్నది. నిజమేదనగా, వానలు కురిసి కొండవాగులు ఉరవడిగా పాఱి తీసిన పిదప జనులు ఆ వాగుల యడుగున వెదకి వజ్రముల నేరుకొందురని చెప్పినది. దీనికి మనకు వెనీసువాని సాక్ష్య మక్కరలేదు. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పెరవలి ప్రాంతములలో తొలకరి పడినంతనే నేటికిని జనులు చేలలో వంగి, తడిసిన యెఱ్ఱమంటిలో మెఱయు రాతికై వెదకుచునే యున్నారు. ఆ వెదకువారిలో కూలికి వచ్చినవారు, విత్తనము కొనలేనివారు, పెండ్లి అప్పు తీఱనివారు గలరు. ఏడునూఱుల యేండ్లనాడును ఇట్లే యుండియుండును. మంచి రాళ్ళు గొప్ప రాజులకును, చీనా చక్రవర్తికిని పోవుననియు, ఐరోపాకు వచ్చునవి వారు విడిచిన పొల్లు మాత్రమేననియు పోలో చెప్పినాడు. కొన్నవారి పేర్లు గ్రంథములలో చేరినవి. వాగులో వంగి యేరినవాని పేరు ఒక్కటియు రాలేదు. గణపతిదేవుని యభయము సముద్రమున మునిగినవాని సరకునకు వచ్చినది. అనావృష్టిచే గట్టున మునిగినవాని సరకునకు అట్టి శాసనము రాలేదు.

1323లో ఓరుగల్లు పడినది. రేవు ఎవరి చేతిలో నున్నను భయమే యైనది. పిమ్మట కొండవీటి రెడ్లు లేచిరి. అనపోతారెడ్డి 1358లో, శాలివాహన శకము 1280లో, మోటుపల్లిలోనే మరల శాసనము వేయించెను. వచ్చి కాపురముండు వర్తకుల కాదరము, తమకిష్టమైనవారికి సరకు అమ్ముకొను స్వేచ్ఛ, బిడ్డలు లేక చనిపోయినవాని యాస్తిని ప్రభుత్వము చేకొను అపుత్రిక దండుగ రద్దు అందున్న వరములు. 1390 నాటికి ఆ రేవు విజయనగరమువారి చేతిలోనికి పోయినట్లు అచ్చటి మఱియొక శాసనమువలన తెలియును. ఒకసారి ఇచ్చిన యభయమును నూఱేండ్లయిన పిదప మఱియొకరు మరల ఏల యీయవలసివచ్చెను? చెక్కిన రాయి చెడలేదు. వీరభద్రుని మండపములో అట్లే యున్నది. కాని సముద్రమున నున్న వర్తకుడు రాతిని నమ్మడు, ఆ రాతి ప్రకారము నడచు సుంకపువానిని నమ్మును. రాజ్యము మారిన ప్రతిసారి ఆ నమ్మకమును మొదటినుండి సంపాదింపవలసియుండెను. అనపోతుని శాసనము రెడ్ల యౌదార్యమునకు ఎంత సాక్ష్యమో, నడుమ గడచిన దుర్దినములకును అంత సాక్ష్యము.

ఆ నమ్మకము మరల కుదిరినదనుటకు శ్రీనాథుని హరవిలాసము చాలును. ఆ కావ్యమును అంకితముగొన్న అవచి తిప్పయసెట్టి, కొండవీటి కుమారగిరిరెడ్డి చేయు వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు. సింహళపు టేనుగులు, హురుముంజి గుఱ్ఱములు, చీనాదేశపు పట్టులు, జలనోగి బంగారు, పంజార కర్పూరము ఆ వంశమువారు తెప్పించినట్లు కవి చెప్పినాడు. ఓడలకు కప్పలి, జోంగు, వల్లి అని పేర్లు కూడ చెప్పెను. ఈ మాటలను నిఘంటువులో మాత్రమే చూచి విడుచువారు, ఇవి ఒకప్పుడు మోటుపల్లి యిసుకపై పడవవాండ్రు అఱచుకొనిన మాటలని తలచినచో పద్యమునకు ఉప్పుగాలి తగులును.

తరువాతి చరిత్ర క్లుప్తము. బందరు పెద్దదైనది, పోర్చుగీసువారు, డచ్చివారు, ఆంగ్లేయులు తమ తమ కోటలు కట్టుకొన్న చోట్లకు ఓడలు మరలినవి. మోటుపల్లి పల్లెగా మిగిలెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ సమీపమునకే మఱియొక నీటిదారి వచ్చినది. చెన్నపట్టణమునుండి ఉత్తరముగా తీరము వెంబడి త్రవ్విన బకింగుహాము కాలువ పెదగంజాము వరకు వచ్చి, అచ్చట కృష్ణా డెల్టా కాలువలతో కలిసినది. దానిలో కొంత పని 1876-78 నాటి ధాత కరవులో పొట్టకూటికి త్రవ్వించినదే. ఆ కరవే కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగవవంతు తగ్గించినది. కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యము నిండిన పడవలు చాలకాలము నడచి, రైళ్ళు, లారీలు వచ్చిన మీదట నిలిచిపోయినవి.

నేడు మోటుపల్లి చూడగోరువారు విజయవాడ గూడూరు రైలుదారిలో చినగంజాము స్టేషనున దిగవలెను. దారిపొడుగున ఉప్పుమళ్ళు తెల్లగా మెఱయుచుండును. ప్రొద్దుననే పోయినచో వేటకు పోయిన పడవలు తిరిగి వచ్చుటను చూడవచ్చును. ఎండ యెక్కిన పిదప గుడికి పోయి, వీరభద్రుని మండపములోని స్తంభముచెంత కొంతసేపు నిలువవచ్చును. అక్షరములు పాతవి గనుక వెంటనే చదువ వీలుపడదు. అయినను దగ్గఱకు పోయి వ్రేలితో తడిమినచో, ఏడువందల డెబ్బది యేండ్లకు పైబడిన ఆ యులి గాట్లు చేతికి తెలియును.